కొండమీద కాఫీ - మారుచున్న ఎండవానలు

కృష్ణా డెల్టాలో వరి పండును, మినుము పండును, చెరకును పసుపును పండును. కాఫీ మాత్రము పండదు. అయినను కాఫీ త్రాగని ఇల్లు ఈ సీమలో అరుదు. రాత్రి ఫిల్టరులో పొడి వేసి, మరిగిన నీరు పోసి, తెల్లవారుసరికి దిగిన డికాక్షనుతో దినచర్య ప్రారంభించు కుటుంబములు విజయవాడలోను, గుడివాడలోను, తెనాలిలోను, మచిలీపట్నములోను వేలకొలది కలవు. త్రాగుటయే కాదు, కాఫీని తయారుచేసి లోకమునకు పంపు పనియు ఇచ్చట జరుగుచున్నది. గుంటూరు జిల్లాలోని దుగ్గిరాల పసుపు వ్యాపారమునకు పేరు పొందిన ఊరు. ఆ మండలముననే 1990ల నుండి ఇన్‌స్టంట్ కాఫీ కర్మాగార మొకటి నడచుచు, పలుదేశముల గింజలను తెప్పించుకొని, పొడిగా మార్చి, మరల విదేశములకు ఎగుమతి చేయుచున్నది. ఒక్క కాఫీ తోటయు లేని నేలకు కాఫీతో ఇంతటి సంబంధ మేర్పడినది.

ఇటీవలి సంవత్సరములలో కాఫీపొడి ధర పెరుగుట గృహిణులందరును గమనించినదే. ధర పెరిగినపుడు మనము అంగడివానిని అడుగుదుము. అంగడివాడు టోకు వర్తకుని చూపును. కాని ఈ మార్పునకు మూలకారణములలో ముఖ్యమైనది అంగడిలో లేదు, కొండమీద నున్నది. కాఫీ మొక్కకు అలవాటైన ఎండయు, వానయు, చలియు క్రమము తప్పుచున్నవి. దీనినే శాస్త్రజ్ఞులు శీతోష్ణస్థితి మార్పు అనుచున్నారు. ఈ మార్పు మన ఆంధ్రదేశపు కాఫీకి ఏమి చేయుచున్నదో, దానితో డెల్టావాసులకు గల సంబంధమేమో ఈ ప్రసంగమున వివరింప దలచితిమి.

ముందుగా మొక్క స్వభావమును తెలిసికొనవలెను. మనము త్రాగు కాఫీ ముఖ్యముగా రెండు జాతులది. మొదటిది అరబికా. ఇది సువాసన కలిగి, మృదువైన రుచి నిచ్చును. రెండవది రొబస్టా. ఇది చిక్కని డికాక్షను నిచ్చును. చేదును, కెఫీనును దీనిలో ఎక్కువ. అరబికా సుకుమారమైనది. సగటు వేడి 15 మొదలు 25 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఉండిన అది సుఖముగా పెరుగును. అందువలన దానిని సముద్రమట్టమునకు సుమారు 1,000 నుండి 1,500 మీటర్ల ఎత్తున పెంచుదురు. రొబస్టా అంతకంటె మొరటుది. 500 నుండి 1,000 మీటర్ల ఎత్తున, 20 నుండి 30 డిగ్రీల వేడిలో పండును.

ఎత్తునకును వేడికిని గల లెక్క సులభమైనది. కొండ యెక్కుచున్న కొలదిని గాలి చల్లబడును. ఇంచుమించుగా వేయి మీటర్లకు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గును. విజయవాడ సముద్రమట్టమునకు ఏమంత ఎత్తున లేదు. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఈ ఒక్క కారణము చేతనే అరకులోని గాలి మన గాలికంటె ఆరు డిగ్రీల వరకు చల్లగా నుండును. మన ఎండకు మాడిపోవు మొక్క అచ్చట కాపు కాయుటకు ఇదియే రహస్యము.

ఆంధ్రదేశమున కాఫీ చరిత్ర నూట ఇరువది యేండ్లకు పైబడినది. 1898లో బ్రోడీ అను ఆంగ్లేయుడు గోదావరి మన్యములోని పాములేరు లోయలో మొదట కాఫీ నాటించెను. 1920ల నాటికి అది పుల్లంగి, గూడెము ప్రాంతములకు ప్రాకెను. 1960లలో అటవీశాఖవారు విశాఖ మన్యపు అడవులలో తోటలు వేయించిరి. ఆ తోటలు 1985లో అటవీ అభివృద్ధి సంస్థకు అప్పగింపబడినవి. కాఫీ బోర్డువారు చింతపల్లి సమీపమున ఆర్.వి.నగరులో పరిశోధన కేంద్రము నెలకొల్పిరి. అటుపిమ్మట పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ద్వారా గిరిజన కుటుంబముల స్వంత భూములలో కాఫీ విస్తరించినది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి పంటను కొని అమ్ముచున్నది.

నేడు పాడేరు ముఖ్యపట్టణముగా గల అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకు, అనంతగిరి, హుకుంపేట, చింతపల్లి, గూడెంకొత్తవీధి మొదలగు మండలములలో రెండు లక్షల ఎకరములకు పైగా కాఫీ నాటబడినది. లక్షకు పైగా గిరిజన కుటుంబములు దీనిపై ఆధారపడి యున్నవి. ఒక్కొక్క కుటుంబమునకు ఎకరమో, రెండెకరములో. దేశపు మొత్తము పంటలో కర్ణాటకము వాటా నూటికి డెబ్బది. మనది నూటికి నాలుగు పాళ్లకు మించదు. పరిమాణము స్వల్పమైనను, రుచికి ఇది పేరు గడించినది. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ తోటల వెనుక మరియొక ప్రయోజనము కలదు. పూర్వము ఈ కొండలపై పోడు వ్యవసాయము ఎక్కువగా సాగెడిది. చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో రెండు మూడేండ్లు చోళ్లు, సామలు పండించి, సారము తగ్గగనే మరియొక వాలునకు పోవుదురు. జనసంఖ్య స్వల్పముగా నున్నంతకాలము అడవి మరల చిగిర్చెడిది. జనము పెరిగి, తిరిగివచ్చు గడువు తగ్గగా వాలులు బోడివారినవి. కాఫీ నీడలో పెరుగు మొక్క. కాఫీ కావలెనన్న పైన చెట్టు ఉండి తీరవలెను. అందుచేత కాఫీ నాటిన చోట నీడకై సిల్వర్ ఓక్ చెట్లు లేచినవి. వాని మొదళ్లకు మిరియపు తీగలు ప్రాకినవి. పైన కలప, మధ్య మిరియము, క్రింద కాఫీ - ఒకే నేలలో మూడు రాబళ్లు.

ఇట్టి యేర్పాటునకు ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమి? మొదటిది వేడి.

బొగ్గు, చమురు కాల్చుటవలనను అడవులు నరుకుటవలనను గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి, భూగోళము వేడెక్కుచున్నది. 2011 నుండి 2020 వరకు గల దశాబ్దమున భూమి సగటు వేడి, యంత్రయుగమునకు పూర్వపు వేడికంటె సుమారు 1.1 డిగ్రీలు ఎక్కువగా నున్నట్లు లెక్క తేలినది. ఒక డిగ్రీ ఏపాటి యని తోచవచ్చును. ఇందాకటి లెక్కను తలక్రిందులు చేసి చూడుడు. వేయి మీటర్లకు ఆరున్నర డిగ్రీలన్న, ఒక డిగ్రీకి సుమారు నూట యేబది మీటర్లు. అనగా ఒక డిగ్రీ వేడి పెరిగినచో, మొక్క నిన్నటి చల్లదనమును పొందుటకు నూట యేబది మీటర్లు పైకి ఎక్కవలెను.

ఎక్కుటకు కొండ ఉండవలెను గదా! అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. అరకు, పాడేరు ప్రాంతపు తోటలు ఎక్కువగా 900 నుండి 1,100 మీటర్ల ఎత్తున నున్నవి. అరబికాకు తగిన ఎత్తులలో ఇది మొదటి మెట్టు. చిక్కమగళూరుకంటె మన మన్యము ఉత్తరముగా నుండుటవలనను, శీతకాలమున లంబసింగి వంటి చోట్ల మంచు పేరునంతటి చలి కలుగుటవలనను ఈ తక్కువ ఎత్తున సైతము అరబికా నిలిచినది. కాని తూర్పు కనుమల శిఖరములు 1,700 మీటర్లను దాటవు. పైగా కళ్లములోని వడ్లరాశిని తలచుకొనుడు: అడుగున వెడల్పు, పైకి పోవుకొలది సన్నము. కొండయు అట్టిదే. పైకి పోవుచున్న కొలదిని సాగునకు దొరకు నేల తగ్గిపోవును. ఉన్న కొద్ది నేలయు అడవిది. ఎకరము భూమి గల గిరిజన రైతు తన ఎకరమును చంకన బెట్టుకొని పై వాలునకు పోజాలడు. వేడి కొండ యెక్కును. రైతు ఉన్నచోటనే యుండును.

ఇది మనకొక్కరికే వచ్చిన కష్టము కాదు. లోకమున కాఫీకి అనువైన నేలలో ఇంచుమించు సగము 2050 నాటికి అనువు తప్పునని 2015లో వెలువడిన యొక పరిశోధన అంచనా వేసినది. ఇప్పటికి అది అంచనా మాత్రమే. జరిగితీరునని చెప్పుటకు లేదు. కాని దాని దిశ స్పష్టముగా నున్నది.

రెండవ చిక్కు వాన. కాఫీకి వాన ఎంత యన్న ప్రశ్నకంటె ఎప్పుడు అన్న ప్రశ్న ముఖ్యము. వానకాలము గడచిన పిమ్మట కాఫీ కొమ్మల కణుపులలో మొగ్గలు ఏర్పడి, శీతకాలపు బెట్టలో నిద్రించును. మార్చి, ఏప్రిల్ నెలలలో ఒక మంచి జల్లు, రమారమి 25 నుండి 40 మిల్లీమీటర్లు, పడినచో ఆ మొగ్గలు మేల్కొని తొమ్మిది పది దినములలో ఒక్కమారుగా విచ్చుకొనును. కొండవాలంతయు తెల్లబడి మల్లెలవంటి పరిమళము వీచును. రెండు మూడు దినములలో పూత రాలి పిందె కట్టును. పిందె నిలుచుటకు కొన్ని వారములలో మరియొక జల్లు కావలెను.

ఈ జల్లు రానిచో మొగ్గ ఎండును. చాలీచాలని తుంపర పడినచో సగము మేల్కొని చెడిపోవును. పూత విచ్చిన దినముననే కుండపోత పడినచో పుప్పొడి కొట్టుకొనిపోవును. జల్లులు ముక్కముక్కలుగా పడినచో పూతయు విడతలుగా వచ్చి, ఒకే కొమ్మమీద పిందె, కాయ, పండు కలిసి యుండును. ఎఱ్ఱని పండును మాత్రమే కోయవలసిన రైతు అదే మొక్కవద్దకు మరల మరల పోవలెను. కూలి పెరుగును, నాణ్యము తగ్గును. డెల్టా రైతులకు ఈ బాధ క్రొత్త కాదు. వరి వెన్ను పూతలో నున్నపుడు వేడి 35 డిగ్రీలను మించిన తాలు గింజలు పెరుగునని వారెరుగుదురు. పంట ఏదైనను పూతకాలము దాని ప్రాణస్థానము.

మూడవది తుపాను. వేడెక్కిన గాలి ఒక్కొక్క డిగ్రీకి నూటికి ఏడుపాళ్లు అధికముగా ఆవిరిని పట్టియుంచగలదు. పట్టినదానిని ఒక్కసారిగా క్రుమ్మరించును. కాబట్టి వానదినములు తగ్గినను, కురిసిన దినమున వాన పెచ్చు పెరుగుచున్నది. 2024 సెప్టెంబరు మొదటి వారమున బుడమేరు పొంగి విజయవాడలో పలుపేటలు మునుగుటయు, ప్రకాశం బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహము కనిపించుటయు మన శ్రోతలు మరువలేదు. మన్యమునకు అట్టి దినము 2014 అక్టోబరు 12. ఆ దినమున హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటి, కొండలపైకి పోయెను. నీడచెట్లు విస్తారముగా కూలి కాఫీ మొక్కలపై పడినవి. మొక్క విరిగిన మరల చిగిర్చును. నీడచెట్టు కూలిన మరల నీడ ఏర్పడుటకు పదేండ్లు పట్టును. అప్పటివరకు మిగిలిన మొక్కయు నడియెండలో నిలువవలెను.

కాఫీ పండ్ల కోత నవంబరు నుండి జనవరి వరకు సాగును. బంగాళాఖాతపు తుపానులకు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు పేరుపడినవి. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపమున తీరము దాటిన మిచౌంగ్ తుపాను డెల్టాలో కోసిన వరిని తడిపినది. ఇట్టి అకాలపు వాన మన్యమున పడినచో పండ్లు రాలును, పగులును. పప్పు తీసి కళ్లములో ఆరవేసిన గింజ బూజు పట్టును. పల్లమున వరిరైతును, మిట్టన కాఫీరైతును ఒకే మేఘము వైపు చూచుచున్నారు.

నాలుగవది పురుగు, తెగులు. అరబికాకు కాండము తొలుచు తెల్లపురుగు పెద్ద శత్రువు. ఎండ తగులు కాండపు పగుళ్లలో అది గ్రుడ్లు పెట్టును. పిల్ల పురుగు లోపల సొరంగము త్రవ్వి మొక్కను చంపును. నీడ పలుచనగుట, వేడి పెరుగుట దానికి అనుకూలము. పట్టిన మొక్కను పెరికి కాల్చుట తప్ప మార్గము తక్కువ. కాయ తొలుచు పురుగు వేరొకటి. నల్లని చిన్న పెంకుపురుగు పండు కొనయందు సూదిరంధ్రము చేసి, గింజలోనే కాపురముండి పిల్లలను పెట్టును. భారతదేశమున ఇది మొదట 1990లో నీలగిరులలోని గూడలూరు వద్ద కనబడినది. 2025లో అరకు ప్రాంతమునను బయటపడినది. సుమారు 15 డిగ్రీలకు తక్కువైన చలిలో దాని సంతానము పెరుగదు. రాత్రుల చలి తగ్గుకొలది ఒక్క యేడాదిలో దాని తరములు పెరుగును.

తెగులు ఎంతపని చేయగలదో తెలియుటకు సింహళ ద్వీపపు చరిత్ర చాలును. ఒకప్పుడు అది కాఫీకి ప్రసిద్ధి. 1869లో ఆకులపై తుప్పు తెగులు కనబడినది. కొన్ని దశాబ్దములలో కాఫీ అంతరించి ఆ కొండలన్నియు తేయాకు తోటలైనవి. నేడు సింహళపు పేరు చెప్పిన తేయాకే గుర్తునకు వచ్చును.

ఇన్ని చెప్పితిమి గనుక ఉపాయములును చెప్పవలెను. ఉపాయములు లేకపోలేదు. మొదటిది నీడ. కొండ యెక్కలేని మొక్కకు చల్లదనమును క్రిందికి దింపునది నీడచెట్టే. సిల్వర్ ఓక్ త్వరగా పెరుగును, కలపకు పనికివచ్చును. కాని ఆ ఒక్క జాతినే నమ్ముట క్షేమము కాదు. పనస, మామిడి, అత్తి జాతులు మొదలైన దేశవాళి చెట్లను కలిపి, ఎత్తుగా ఒక వరుస, తక్కువగా ఒక వరుస ఉండునట్లు పెంచినచో నీడ చిక్కబడును, రాలిన ఆకు నేలను కప్పి తేమను నిలుపును. రెండవది విత్తనము. చిక్కమగళూరు జిల్లాలోని బాలెహొన్నూరు పరిశోధనాలయమువారు తుప్పు తెగులును తట్టుకొను రకములను తయారుచేసిరి. 2007లో విడుదలైన చంద్రగిరి అట్టిది. మూడవది శుభ్రత: తోటలో రాలిన పండును, కొమ్మకు మిగిలిన పండును విడువక ఏరుట, పురుగు పట్టిన పండ్లను వేడినీట ముంచుట. నాలుగవది, పూతవాన తప్పినపుడు ఒక్క తడి యిచ్చుటకు చిన్న కుంటలలో వాననీరు నిలువ చేయుట.

అరబికాకు బదులు రొబస్టా వేయరాదా యని కొందరడుగుదురు. తక్కువ ఎత్తున అది కొంతవరకు ఉపాయమే. కాని రొబస్టాకును హద్దులు కలవు. నీటికరవు దానిని మిక్కిలి బాధించును. 2024లో వియత్నాములో అనావృష్టి కలిగి రొబస్టా ధర మున్నెన్నడు లేనంత పెరిగినది. బ్రెజిలులో 2021లో మంచు, అటుపై అనావృష్టి అరబికాను దెబ్బతీసినవి. 2025 ఫిబ్రవరిలో అరబికా ధర అంతర్జాతీయ విపణిలో పౌనుకు నాలుగు డాలర్లు దాటినది. విజయవాడలో పొడి ధర పెరుగుటకు కారణము ఇట్లు రెండు ఖండములకు వ్యాపించి యున్నది. ధర పెరిగినపుడు పొడిలో చికోరీ పాలు పెరుగుట సహజము. కాఫీ-చికోరీ మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదని నిబంధన కలదు. పొట్లముపై ఆ పాళ్లు చదివి కొనుట గృహిణులకు మంచి అలవాటు.

కాఫీ పోయిన తేనీరు త్రాగుదుము, దానికింత చింత యేల యనవచ్చును. ఆ కొండలకును డెల్టాకును కాఫీకి మించిన బంధ మొకటి యున్నది. అది నీరు. మన్యపు కొండలలో పుట్టిన మాచ్‌ఖండ్ నదియే దిగువన సీలేరు అను పేరుతో పారి శబరిలో కలియును. శబరి కూనవరము వద్ద గోదావరిలో చేరును. 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి జలము పోలవరము కుడి కాలువ గుండ వచ్చి, విజయవాడకు ఎగువన ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణలో కలియుచున్నది. అనగా కాఫీ తోటల నీడచెట్లపై కురిసిన వానలో కొంత భాగము మన సార్వా పొలములను తడుపుచున్నది. చెట్లున్న వాలుపై వాన నేలలోనికి ఇంకి, ఊటయై నెమ్మదిగా దిగును. చెట్లు లేని వాలుపై అదే వాన మట్టిని కోసికొని ఒక్క పూటలో దిగును. కాఫీ గిట్టుబాటు కానిచో రైతు నీడచెట్టును ఏల నిలుపును? కలప అమ్ముకొని వేరు పంట వేయును. అతనిని తప్పు పట్టుటకు మనకు అధికారము లేదు.

కాబట్టి ఈ విషయమున తేల్చవలసిన ప్రశ్న యొక్కటే. ఉపాయములన్నియు శాస్త్రజ్ఞులు చెప్పియున్నారు. వానికి అగు కాలమును ఎవరు భరింతురు? క్రొత్త అరబికా మొక్క కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు. నీడచెట్టునకు పదేండ్లు. పురుగు పట్టిన మొక్కను పెరికివేసిన దినము నుండి రాబడి ఆగిపోవును. వంద యెకరముల ఆసామి ఓర్చుకొనగలడు. ఎకరము గల కుటుంబము ఓర్చుకొనలేదు. పెరికిన మొక్కకు సకాలమున పరిహారము, నాటుటకు మంచి నారు, గింజకు న్యాయమైన ధర, తుపాను నష్టమునకు బీమా - ఈ నాలుగును అందినచో ఆ కుటుంబము చెట్టును నిలుపును. చెట్టు నిలిచిన కొండ నిలుచును. ఆనకట్టలు, కాలువలు కట్టుకొని నీటిని కాపాడుకొనుట నేర్చిన డెల్టావారికి, ఆ నీటికి పుట్టినిల్లయిన కొండలను కాపాడువారి పక్షమున మాట్లాడు బాధ్యతయు కలదని మా విశ్వాసము.